రెండు కాంతికణాలు, ఒక మైనస్ గుర్తు

అంగడికి వెళ్లి మైనస్ మూడు మామిడికాయలు తెమ్మని మిమ్మల్ని ఎవరైనా పంపారా? పంపరు. మామిడికాయలు మూడుండవచ్చు, ఒకటుండవచ్చు, అసలు లేకపోవచ్చు. అంతకంటె తక్కువ ఉండడానికి వీల్లేదు. కాని కాశ్మీరులో ఉష్ణోగ్రత మైనస్ 5 డిగ్రీలకు పడిపోయిందని వార్తల్లో చెబితే ఎవరికీ వింతగా తోచదు. స్క్రూగేజిని పూర్తిగా మూసినపుడు తల స్కేలు మీది సున్నా గీత దాటి పోయిందనుకోండి, మీరే నోటుపుస్తకంలో ‘ఋణ శూన్యాంశ దోషం’ అని రాసుకుంటారు. అంటే మైనస్ గుర్తు తనంతట తాను తప్పూ కాదు, ఒప్పూ కాదు. అది ఏ రాశి ముందు నిలబడిందో చూడాలి.

మాది శ్రీ సిటీ పక్క పల్లె. తడ నుంచి లోపలికి వస్తే సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల నేల ఇది. ఒకప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఇప్పుడు ఇక్కడ ఫ్యాక్టరీలే కాదు, పెద్ద చదువులూ దగ్గరికి వచ్చాయి. శ్రీ సిటీలో ట్రిపుల్ ఐటీ 2013లో మొదలైంది. తిరుపతిలో ఐసర్, ఐఐటీ 2015లో వచ్చాయి. కనుక మా బడిలో చదివిన పిల్లలు ఎప్పుడైనా సెలవులకు వచ్చినపుడు మేము కళాశాలలో కూడా చదవని విషయాలు పట్టుకొస్తుంటారు. అలాగే ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయి ఒక కాగితం తెచ్చింది. నిండా అంకెలు.

“సార్, ఒక అణువు రెండు ఫోటాన్లను ఒకేసారి ఎంతమేరకు మింగగలదో కంప్యూటరుతో లెక్క కట్టాను. సగం అంకెల ముందు మైనస్ వచ్చింది. మింగడంలో మైనస్ ఏమిటి సార్? అన్నీ కొట్టేసి రాసేద్దామా?” అంది.

“కొట్టెయ్యకమ్మా. ఏది ఎక్కడుందో ముందు చూద్దాం” అన్నాను.

ఆ చూడడమే ఈ వ్యాసం. లెక్క పెద్దదే అయినా అందులోని కీలకమంతా మీరు ఎనిమిదో తరగతి లోపలే నేర్చుకున్నారు. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్. ఏ సంఖ్య వర్గమూ ఋణాత్మకం కాదు. ఈ రెండూ గుర్తుంచుకోండి.

రెండు ఫోటాన్లు ఒకేసారి

కాంతి ఫోటాన్లనే చిన్న చిన్న శక్తి మూటలుగా వస్తుందని మీకు తెలుసు. అణువులోని ఎలక్ట్రాన్లకు కొన్ని నిర్ణీత శక్తి స్థాయిలు మాత్రమే ఉంటాయి. కింది స్థాయికీ పై స్థాయికీ మధ్యనున్న తేడా ఎంతో సరిగ్గా అంత శక్తిగల ఫోటాన్ వస్తే అణువు దాన్ని శోషించుకొని పైకి పోతుంది. ఇది మామూలు శోషణం.

ఇప్పుడొక అణువుకు 3.1 ఎలక్ట్రాన్ ఓల్టులు కావాలనుకుందాం. అది 400 నానోమీటర్ల ఊదా కాంతి. మన దగ్గర ఉన్నదేమో 800 నానోమీటర్ల కాంతి, ఎరుపుకు అవతలిది. దాని ఫోటాన్ శక్తి 1.55 ఎలక్ట్రాన్ ఓల్టులే. సరిగ్గా సగం! ఒక్క ఫోటాన్ వల్ల పని జరగదు. రెండు కలిసి ఒకే క్షణంలో వస్తే? 1.55, 1.55 కలిపితే 3.1. ఒక్క మనిషికి లేవని బండను ఇద్దరు చెరొక పక్క పట్టి లేపినట్టన్నమాట. అయితే ఇద్దరూ ఒకేసారి ఊపు ఇవ్వాలి. ఒకడు ఇవాళ, ఒకడు రేపు వస్తే బండ కదలదు.

ఇలా జరగవచ్చునని జర్మనీలో గొటింగెన్ విశ్వవిద్యాలయంలో మరియా గోపర్ట్ మేయర్ అనే యువతి తన పరిశోధన గ్రంథంలో లెక్కకట్టి 1931లో ప్రచురించింది. అప్పటికి అది కాగితం మీది మాటే. సూర్యుని ఎండలో కూడా రెండు ఫోటాన్లు ఒకే అణువు దగ్గర ఒకే క్షణంలో కలిసే అవకాశం అత్యల్పం. 1960లో లేజర్ వచ్చింది. ఆ మరుసటి ఏడే, 1961లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కైజర్, గారెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు యూరోపియం కలిపిన కాల్షియం ఫ్లోరైడు స్ఫటికం మీద ఎర్రని లేజర్ కాంతి వేస్తే అందులోంచి నీలికాంతి వెలువడింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆమె లెక్క నిజమైంది. ఆమెకు 1963లో నోబెల్ బహుమతి వచ్చింది గాని దీనికి కాదు, పరమాణు కేంద్రకం మీద చేసిన మరో పనికి. ఈ శోషణాన్ని కొలిచే ప్రమాణానికి మాత్రం ఆమె పేరే పెట్టారు. ఆ ప్రమాణం ఎంత చిన్నదంటే, సెంటీమీటర్లు, సెకన్లలో రాస్తే దశాంశ బిందువు తర్వాత నలభై తొమ్మిది సున్నాలు వేసి ఒకటి వేయాలి!

ఇంత స్వల్పమైన దానితో పనేమిటి అంటారా? కాంతి తీవ్రతను రెట్టింపు చేస్తే ఈ శోషణం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి లేజర్ కిరణాన్ని కటకంతో ఒక చుక్కకు కుదిస్తే ఆ చుక్క దగ్గర మాత్రమే అణువులు వెలుగుతాయి, దాని ముందూ వెనకా చీకటే. 1990లో ఈ కిటుకుతోనే కొత్త రకం సూక్ష్మదర్శిని తయారుచేశారు. బతికున్న ఎలుక మెదడు లోపలి కణాలను కోయకుండానే చూస్తున్నారంటే దాని పుణ్యమే. అందుకు తగిన రంగు అణువు ఏదో ముందుగా లెక్కకట్టి తెలుసుకుంటే ప్రయోగశాలలో వందల పదార్థాలు తయారుచేసి పారబోసే శ్రమ తప్పుతుంది. ఆ అమ్మాయి కాగితం మీది అంకెలు అలాంటివే. వాటి గుర్తు తప్పు చదివితే పనికొచ్చే అణువును పారేస్తాం, పనికిరానిదాన్ని నెత్తిన పెట్టుకుంటాం.

రాజహంసల రంగు

చలికాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసలను, అదే ఫ్లెమింగోలను, మీలో చాలామంది చూసే ఉంటారు. వాటి ఈకల గులాబి ఛాయ అవి తినే ఆహారంలోని కెరోటినాయిడ్ల వల్ల వస్తుంది. కారెట్‌కు రంగునిచ్చేదీ ఆ కుటుంబమే. ఇవి పొడవాటి గొలుసు వంటి అణువులు. ఒక ద్విబంధం, ఒక ఏకబంధం, మళ్లీ ద్విబంధం, ఇలా ఉంటుంది వరస.

ఇటువంటి గొలుసుల్లో చాలావాటికి నడిమధ్య ఒక సౌష్ఠవ కేంద్రం ఉంటుంది. ఆ కేంద్రం గుండా అణువును అటుదిటు తిప్పితే మళ్లీ అదే ఆకారం. అలా తిప్పినపుడు కొన్ని శక్తి స్థాయిల తరంగ ప్రమేయాలు మారవు, కొన్ని గుర్తు మార్చుకుంటాయి. మొదటివాటిని ప్లస్ జాతి అందాం, రెండోవాటిని మైనస్ జాతి. అణువు మామూలుగా ఉండే కింది స్థాయి ప్లస్ జాతిది. ఫోటాన్‌ను మింగిన ప్రతిసారీ జాతి మారాలని నియమం. ఒక ఫోటాన్ మింగితే ప్లస్ నుంచి మైనస్‌కు పోతుంది. రెండు మింగితే? మైనస్ ఇంటు మైనస్ ప్లస్. తిరిగి ప్లస్ జాతికే చేరుతుంది! కనుక ఒక ఫోటాన్‌కు అందని స్థాయిలు రెండు ఫోటాన్లకు అందుతాయి. హడ్సన్, కోలర్ 1972లో ఒక గొలుసు అణువులో ఒక ఫోటాన్‌కు దాదాపు కనిపించని స్థాయి ఒకటి అన్నిటికంటె కింద దాగి ఉన్నట్టు చూపారు. రెండు ఫోటాన్లతో దాన్ని నేరుగా తట్టి లేపవచ్చు.

ఈ జాతి నియమాలను లెక్కించే గణితాన్ని మన తెలుగువారు ఎప్పుడో చక్కగా గ్రంథస్థం చేశారు. సూరి భగవంతం, వెంకటరాయుడు కలిసి రాసిన సమూహ సిద్ధాంత గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో వాల్తేరు నుంచి ప్రచురించింది. భగవంతం సి.వి.రామన్ శిష్యుడు. రామన్ ఫలితంలోనూ రెండు ఫోటాన్లుంటాయి, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. అందుకే రెండింటి నియమాలూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి.

దారులు కలిసే చోట

ఇక అసలు మైనస్‌ల దగ్గరికి వద్దాం. రెండు ఫోటాన్లతో పైకి పోయే అణువుకు మధ్యలో అనేక దారులుంటాయి. ప్రతి దారీ ఒక మధ్య స్థాయి మీదుగా పోతుంది. ఆ స్థాయి మీద అణువు నిజంగా కాలుమోపి నిలబడదు, లెక్కలో మాత్రం అది పాలుపంచుకుంటుంది. ఒక్కొక్క దారి వంతును ఇలా కడతారు: కింది నుంచి మధ్యకు పోయే బలాన్ని, మధ్య నుంచి పైకి పోయే బలాన్ని గుణించి, మధ్య స్థాయి శక్తి నుంచి ఫోటాన్ శక్తిని తీసివేయగా వచ్చినదానితో భాగించాలి.

మన ఫోటాన్ శక్తి 1.55. మధ్య స్థాయి 2.5 దగ్గరుంటే తేడా 0.95, ధనాత్మకం. అది 1.2 దగ్గరే ఉంటే తేడా మైనస్ 0.35. చూశారా, హారంలోనే మైనస్ వచ్చింది. లవంలోని బలాలు కూడా దిశ గలవి, వాటికీ గుర్తులుంటాయి. కాబట్టి కొన్ని దారుల వంతు ప్లస్, కొన్నింటిది మైనస్.

రెండే దారులున్నాయనుకుందాం. మొదటిదాని వంతు ప్లస్ 7, రెండోదాని వంతు మైనస్ 5. ముందు వీటిని కూడాలి, తర్వాత వర్గం చేయాలి. 7 – 5 = 2. వర్గం 4. శోషణ బలం 4. చెరువులో రెండు రాళ్లు వేస్తే ఒకదాని అల శిఖరం రెండోదాని అల గుంటను తాకిన చోట నీరు దాదాపు నిశ్చలంగా ఉంటుంది. ఇదీ అంతే. మైనస్ గుర్తు తీసేసి కూడితే 12, దాని వర్గం 144! నాలుగెక్కడ, నూట నలభై నాలుగెక్కడ?

ఇదే లెక్కను మరో రకంగా విడదీసి చూడండి. మొదటి దారి ఒక్కటే ఉంటే 49. రెండోది ఒక్కటే ఉంటే 25. కలిపితే 74. కాని రావలసింది 4. తేడా ఎక్కడికి పోయింది? బీజగణితంలో మీరు చదివిన ‘రెండు ఎ బి’ పదంలోకి. 2 × 7 × (–5) = –70. కంప్యూటరు పట్టికలో 49, 25, –70 అని మూడు గడులుంటాయి. ఆ మైనస్ 70 అంటే అణువు మైనస్ డెబ్బై ఫోటాన్లు మింగిందని కాదు. రెండు దారులు ఒకదాన్నొకటి అంత మేరకు అడ్డుకున్నాయని. దీనినే దారుల వ్యతికరణం అంటారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో మెహబూబ్ ఆలం, మౌసుమి చటోపాధ్యాయ, స్వపన్ చక్రబర్తి 2012లో ప్రచురించిన లెక్కల్లో అణువు కరిగి ఉన్న ద్రావణి కూడా ఈ వ్యతికరణాన్ని మార్చగలదని చూపారు. మైనస్ పదాన్ని ప్లస్‌గా మార్చగలిగితే అదే అణువు ఎన్నో రెట్లు బాగా పనిచేస్తుంది. అంటే ఆ గడిలోని మైనస్ రసాయన శాస్త్రజ్ఞునికి ఒక సూచన. కొట్టేస్తే సూచన పోయినట్టే.

ఇక్కడొక తమాషా ఉంది. తరంగ ప్రమేయాన్ని ప్లస్‌తో రాసినా మైనస్‌తో రాసినా అది వర్ణించే స్థాయి ఒకటే. ఏ గుర్తు ఎంచుకోవాలో కంప్యూటరు ఇష్టం. మరి జవాబులు మారిపోవూ? మధ్య స్థాయి గుర్తు మారిస్తే రాకడ బలమూ పోకడ బలమూ రెండూ గుర్తు మారతాయి, లబ్ధం మారదు. పై స్థాయి గుర్తు మారిస్తే అన్ని దారుల గుర్తులూ ఒక్కసారిగా మారతాయి. 7, –5 కాస్తా –7, 5 అవుతాయి. మొత్తం –2. వర్గం అదే 4. ప్రకృతికి ఆ తొలి ఎంపికతో సంబంధం లేదు.

ఆరు అంకెల పట్టిక

అణువుకు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్నాయి కదా. కాంతి ఏ దిశలో కంపిస్తోందో దాన్నిబట్టి శోషణం మారుతుంది. అందుకని డాల్టన్ వంటి ప్రోగ్రాములు ఒక్కొక్క శక్తి స్థాయికి ఆరు అంకెలు అచ్చువేస్తాయి: ఎక్స్-ఎక్స్, వై-వై, జడ్-జడ్, ఎక్స్-వై, ఎక్స్-జడ్, వై-జడ్. ఆ అమ్మాయి కాగితంలో ఎక్కువ మైనస్‌లు ఈ గడుల్లోనే ఉన్నాయి.

ద్రావణంలో అణువులు అన్ని వైపులకూ తిరిగి ఉంటాయి కనుక సగటు తీయాలి. 1970లో మాన్సన్, మెక్‌క్లెయిన్ ఇచ్చిన సూత్రం మామూలు లేజర్ కాంతికి ఇలా ఉంటుంది: మొదటి మూడు అంకెలను కూడి వర్గం చేయండి. తర్వాత అన్ని అంకెల వర్గాలూ కూడి, ఎక్స్-వై వంటి జంటలను రెండుసార్లు లెక్కపెట్టి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి. రెండూ కలిపి 15తో భాగించండి.

ఎక్స్-ఎక్స్ 10, వై-వై మైనస్ 4, మిగిలినవన్నీ సున్నా అనుకుందాం. కూడితే 6, వర్గం 36. వర్గాల మొత్తం 100 + 16 = 116, రెట్టింపు 232. మొత్తం 268. పదిహేనుతో భాగిస్తే సుమారు 17.9. ఇప్పుడు మైనస్ కొట్టేసి 4 అని రాయండి. 14 వర్గం 196, దానికి 232 కలిపితే 428, భాగిస్తే 28.5. ఒక గుర్తు కొట్టేసినందుకు జవాబు ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగింది! మరి రెండు గుర్తులూ తిప్పి –10, 4 అని రాస్తే? కాగితం తీసుకొని చేసి చూడండి. 17.9 వస్తుంది.

గడుల్లో మైనస్‌లు ఎన్ని ఉన్నా తుది జవాబు వర్గాల మొత్తమే గనుక అది సున్నాకంటె తగ్గదు. అలాంటప్పుడు తుది జవాబే మైనస్ వస్తే?

తుది జవాబే మైనస్ అయితే

అప్పుడు భయపడాల్సిందే, కాని కారణం తెలుసుకొని భయపడాలి. రెండు కారణాలు చెబుతాను.

మొదటిది స్క్రూగేజి వంటిది. కపుల్డ్ క్లస్టర్ అనే పద్ధతి చాలా ఖచ్చితమైనదే గాని అందులో ఒక వింత ఉంది. పైకి పోయే బలాన్నీ కిందికి వచ్చే బలాన్నీ వేర్వేరుగా కట్టి గుణిస్తారు. సిద్ధాంతం పరిపూర్ణమైతే రెండూ ఒకటే, కాబట్టి లబ్ధం వర్గమే. కంప్యూటరులో చేసేది ఎప్పుడూ ఉజ్జాయింపే. బలం పెద్దదైతే రెండింటికీ తేడా పట్టించుకోనక్కరలేదు. బలం సున్నాకు దగ్గరైతే ఒకటి 0.3 అనీ మరొకటి మైనస్ 0.1 అనీ రావచ్చు. లబ్ధం మైనస్ 0.03. దాని అర్థం ‘ఈ స్థాయి రెండు ఫోటాన్లను దాదాపుగా శోషించదు’ అని మాత్రమే. ఖాళీ తక్కెడ ముల్లు సున్నాకు కాస్త ఇవతల నిలబడినట్టు. పెద్ద అంకెకు ముందు ఇలాంటి మైనస్ వస్తే మాత్రం లెక్క ఎక్కడో చెడింది, పద్ధతి మార్చి మళ్లీ చేయవలసిందే.

రెండోది నిజమైన మైనస్. మధ్య స్థాయి శక్తి సరిగ్గా ఒక ఫోటాన్ శక్తికి సమానమైందనుకోండి. ఇంతకుముందు హారంలో ఉన్న తేడా సున్నా అవుతుంది. అణువు ఒక్క ఫోటాన్‌తోనే ఆ మెట్టు మీద నిజంగా నిలబడిపోతుంది. తీవ్రత పెరిగేకొద్దీ కింద మిగిలిన అణువుల సంఖ్య తగ్గుతుంది. మింగడానికి ఖాళీగా ఉన్న నోళ్లు తగ్గుతాయన్నమాట. కాంతి ఎక్కువ పంపినకొద్దీ ద్రావణం మరింత పారదర్శకమవుతుంది. దీన్ని సంతృప్త శోషణం అంటారు. తీవ్రతతో శోషణంలో వచ్చే మార్పునంతా ఒకే పదంగా కట్టే లెక్కల్లో ఇదీ, రెండు ఫోటాన్ల శోషణమూ కలిసిపోయి మైనస్ రావచ్చు. 2011లో క్రిస్టెన్సెన్ బృందం ఇలా మధ్య స్థాయి సరిపడినచోట కూడా రెండు ఫోటాన్ల భాగాన్ని కట్టడానికి సవరించిన సూత్రం ఒకటి ప్రతిపాదించింది.

ఇది మన తెలుగునాట ప్రయోగశాలలోనూ కనిపించిన సంగతే. పీచుమిఠాయికి కొందరు కలిపే రోడమిన్-బి అనే గులాబి రంగు మీకు తెలుసు. అది తినకూడని రంగు. అందులో అది బయటపడినందువల్లనే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. తినడానికి చెడ్డదే గాని కాంతిశాస్త్రానికి బంగారం లాంటిది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నాగ శ్రీనివాస్, వేణుగోపాలరావు, నారాయణరావు నీటిలోనూ మిథనాల్‌లోనూ కరిగించిన ఈ రంగులో సంతృప్త శోషణాన్నీ, దానికి వ్యతిరేకమైనదాన్నీ పరిశీలించి 2003లో ప్రచురించారు.

వారు వాడిన జడ్-స్కాన్ పద్ధతి ఊహించుకోవడం తేలిక. లేజర్ కిరణాన్ని కటకంతో ఒక చుక్కకు కుదించి, ద్రావణం ఉన్న చిన్న గాజుపాత్రను ఆ చుక్క గుండా ముందు నుంచి వెనక్కు జరుపుతూ పోతారు. బయటికి వచ్చే కాంతిని కొలిచి గ్రాఫు గీస్తారు. తీవ్రత పెరిగితే శోషణం పెరిగే పదార్థమైతే చుక్క దగ్గర గ్రాఫులో గుంట పడుతుంది. శోషణం తగ్గేదైతే అదే చోట గుట్ట లేస్తుంది. గుంటకు గుణకం ప్లస్, గుట్టకు గుణకం మైనస్. గుంట పడినంత మాత్రాన రెండు ఫోటాన్లు ఒకేసారి పోయాయని కూడా అనుకోకూడదు. మధ్య మెట్టు మీద నిలబడిన అణువు రెండో ఫోటాన్‌ను తాపీగా మింగినా గుంటే పడుతుంది.

ఇక్కడ మైనస్ దేని ముందుందో గమనించారా? మొత్తం శోషణం ముందు కాదు, అందులోని మార్పు ముందు. మందకాంతిలో ద్రావణం శోషణం 10 అనుకోండి. తీవ్రత పెంచితే మార్పు మైనస్ 3. మొత్తం 7. ఇంకా ధనాత్మకమే. అణువు కాంతిని పుట్టించలేదు, ఇదివరకటికంటె తక్కువ మింగింది. అదే అసలు రంగులేని, మొదటి శోషణం సున్నాగా ఉన్న ద్రావణానికి మైనస్ 3 వచ్చిందంటే నమ్మకూడదు. సున్నాలోంచి మూడు తీసెయ్యడానికి అక్కడేముంది?

మొత్తం శోషణమే మైనస్ అయ్యే చోటు కూడా ఒకటుంది సుమా. రోడమిన్ జాతి రంగుల ద్రావణాలతో 1960ల చివరి నుంచి లేజర్లు తయారుచేస్తున్నారు. ముందుగా వేరే బలమైన దీపంతోనో మరో లేజర్‌తోనో ఆ ద్రావణంలోని అణువులను తగినన్ని పై స్థాయికి ఎక్కించి ఉంచుతారు. అప్పుడు దాని గుండా ఒక కిరణం పోతే, లోపలికి వెళ్లినదానికంటె బయటికి వచ్చేది ఎక్కువ. అక్కడ శోషణ గుణకాన్ని మైనస్ గుర్తుతోనే రాస్తారు.